మోటారు గదిలో కరుగుతున్న లాభం

(మా వాణిజ్య విలేఖరి)

ధాన్యం ధరలో క్వింటాలుకు అయిదు రూపాయల తేడా వస్తే గంటల తరబడి బేరమాడే వర్తకులు, అదే ధాన్యాన్ని ఆడించే మిల్లులో కరెంటు ఎంత వృథా అవుతున్నదో ఆరా తీయడం అరుదు. తేమ, తాలు, నూక శాతం పట్టి పట్టి చూస్తారు. మోటార్ల ఖర్చు మాత్రం నెలాఖరున బిల్లు వచ్చినప్పుడే గుర్తుకు వస్తుంది. ఈ ధోరణి మారవలసి ఉన్నది.

లెక్క వడ్లగింజలో బియ్యపుగింజ. 20 హార్స్ పవర్, అంటే సుమారు 15 కిలోవాట్ల మోటారు రోజుకు 16 గంటల చొప్పున ఏడాదిలో 250 రోజులు పూర్తి లోడు మీద తిరుగుతుందనుకుందాం. తీసుకున్న కరెంటులో ఐఈ-1 తరగతి నాలుగు పోళ్ల మోటారు పనికి మళ్లించేది 88.7 శాతం, ఐఈ-3 తరగతి మోటారు 92.1 శాతం. తేడా స్వల్పమే అనిపించవచ్చు. కాని ఏడాదికి దాదాపు 2,500 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలుగా లెక్క కడితే 17,500 రూపాయలు. పాత మోటారుకు ఏడాదిలో అయ్యే కరెంటు ఖర్చు అదే లెక్కన 4 లక్షల 70 వేల పైమాట. దాని ముందు మోటారు వెల ఏపాటిది? చౌకగా దొరికిందని కొన్న మోటారు తన చౌకదనాన్ని బిల్లులో తిరిగి వసూలు చేసుకుంటుంది.

కాలిన మోటారును రీవైండింగ్‌కు పంపడం మిల్లులలో ఆనవాయితీ. సీజను మధ్యలో మిల్లు ఆగితే లారీలు బారులు తీరుతాయి గనుక రాత్రికి రాత్రి చుట్టించి బిగిస్తారు. పద్ధతిగా చేసిన రీవైండింగ్‌తో నష్టం పెద్దగా లేదు. కాని పాత చుట్లను మంటలో కాల్చి తీస్తే కోరులోని రేకుల మధ్య ఇన్సులేషన్ దెబ్బతింటుంది. సన్నని తీగ చుడితే వేడి పెరుగుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది. నష్టం కంటికి కనపడదు.

అవసరానికి మించిన మోటారు బిగించడం మరొక దుబారా. సగానికి బాగా తక్కువ లోడు మీద నడిచే మోటారుకు పవర్ ఫాక్టర్ పడిపోతుంది. బ్లోయర్ గాలి ఎక్కువైనదని డాంపరు మూసి నడిపేవారున్నారు. దానికి బదులు వేగాన్ని మార్చే డ్రైవు పెట్టి, వేగం అయిదో వంతు తగ్గిస్తే ఫ్యానుకు కావలసిన శక్తి దాదాపు సగానికి దిగుతుంది.

ఏడాదిలో కొద్ది నెలలే నడిచే మిల్లుకు కొత్త మోటారు గిట్టదని యజమానులు అంటారు. అందులో నిజం లేకపోలేదు. వెయ్యి గంటలే తిరిగే మోటారు మీద మిగులు 4,400 రూపాయలకు మించదు. నడుస్తున్న దానిని తీసి పారేయమని ఎవరూ అనరు. కాని రెండుమూడు సార్లు చుట్టించినది మళ్లీ కాలినప్పుడైనా పై లెక్క వేసుకుని నిర్ణయించడం వివేకం.

ఇది మిల్లరు గొడవ, మనకెందుకని వర్తకులు అనుకోరాదు. వృథా అయిన యూనిట్ మిల్లింగ్ చార్జీలలోనో, ధాన్యానికి ఇచ్చే ధరలోనో తేలక తప్పదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే విధించినప్పుడు కరెంటు విలువ అందరికీ తెలిసివచ్చింది. ఇకమీదట మిల్లుతో ఒప్పందం చేసుకునేటప్పుడు నూక శాతంతోపాటు, క్వింటాలుకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నవో కూడా అడగడం మంచిది. అడిగేవాడుంటేనే లెక్క రాసేవాడుంటాడు.