ఆడపిల్ల ఏ జిల్లా మనిషి?

పోలీసు ఉద్యోగాల్లో ఎవరు స్థానికులు, ఎవరు కారు అన్న తగువు తెలుగు నేల మీద కొత్తది కాదు. రాష్ట్రపతి ఉత్తర్వులోని 14ఎఫ్ నిబంధన ప్రకారం పోలీసు నియామకాలకు హైదరాబాదు నగరం ‘ఫ్రీ జోన్’ అని 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఎంత అగ్గి రేగిందో మనకు తెలుసు. తర్వాత ఆ నిబంధనను తొలగించారు. అంతకుముందు 1969లోనూ, 1972లోనూ ముల్కీ నిబంధనల మీద రెండు ఉద్యమాలు నడిచాయి. ఇన్నిసార్లూ చర్చ ప్రాంతానికీ ప్రాంతానికీ మధ్యే జరిగింది. పెళ్ళితో ఊరు, ఒక్కోసారి జిల్లా, మరోసారి రాష్ట్రమే మారిపోయే స్త్రీ ఎక్కడి స్థానికురాలన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

ఈ కొలత ఎలా తయారైందో ముందు చూద్దాం. రాజ్యాంగం 16వ అధికరణం నివాసం పేరుతో ప్రభుత్వోద్యోగంలో వివక్ష చూపకూడదని చెప్పి, పార్లమెంటుకు మాత్రం మినహాయింపునిచ్చింది. ఆరు సూత్రాల పథకం తర్వాత 371డి అధికరణం వచ్చింది. దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. కానిస్టేబుల్ వంటి జిల్లా స్థాయి ఉద్యోగాల్లో 80 శాతం స్థానికులకు కేటాయించింది. స్థానికులంటే ఎవరు? పదో తరగతితో ముగిసే నాలుగేళ్ళు వరుసగా ఆ జిల్లాలో చదివినవాళ్ళు. అలా కుదరకపోతే ఏడేళ్ళ చదువులో ఎక్కువ భాగం ఎక్కడ సాగిందో అక్కడివాళ్ళు. అందుకే దరఖాస్తు పెట్టే ప్రతి పిల్లా నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్ల కోసం బళ్ళ చుట్టూ తిరుగుతుంది.

వెనకబడిన జిల్లాల ఉద్యోగాలు బయటివాళ్ళ పాలు కాకుండా ఈ ఉత్తర్వు కాపాడింది. శ్రీకాకుళం వంటి జిల్లాకు ఆ రక్షణ అవసరం. దాన్ని ఎత్తివేయమని నేను అనడం లేదు. కానీ మనిషి స్థానికత పదిహేనో ఏట తేలిపోయి, ఆ తర్వాత ఎన్నేళ్ళు ఎక్కడ బతికినా మారదనడం ఎవరి జీవితాన్ని చూసి రాసిన సూత్రం? పుట్టిన ఊళ్ళోనే చదివి, అక్కడే పెళ్ళి చేసుకుని, అక్కడే ఉండిపోయే మగవాడి జీవితాన్ని చూసి.

శ్రీకూర్మం చుట్టుపక్కల మహిళా సంఘాలతో పనిచేసే నాకు దీని ఫలితం ఎదురవుతూనే ఉంటుంది. పర్లాకిమిడి, బరంపురం నుంచి మా ఊళ్ళకు కోడళ్ళు వస్తారు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు గీసిన గీత సంబంధాలను ఆపలేదు. ఆ కోడలికి రేషన్ కార్డు ఇక్కడే, ఓటు ఇక్కడే, పిల్లల బడి ఇక్కడే. కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే మాత్రం పరాయిది. మిగిలిన 20 శాతంలో అందరితో పోటీ పడాలి. విజయనగరం నుంచి వచ్చిన కోడలైతే పుట్టింటి జిల్లాలో స్థానికురాలే. కానీ ఉద్యోగం అక్కడొస్తే సంసారం ఇక్కడుంటుంది. కోరి బదిలీ తెచ్చుకుంటే సీనియారిటీ పోతుంది.

మా తీరంలోని మత్స్యకారుల సంగతి మరొకటి. వాళ్ళు గుజరాత్‌లోని వీరావల్ దాకా వేటకు వలసపోతారు. 2018లో పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో విడుదలైనవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవాళ్ళే. తల్లిదండ్రుల వెంట వెళ్ళి పరాయి రాష్ట్రంలో పదో తరగతి దాకా చదివిన పిల్ల, తిరిగొచ్చాక తాతల ఊరిలోనే స్థానికేతర అవుతుంది.

ఉత్తర్వులో నివాసాన్ని లెక్కించే దారి లేకపోలేదు. అయితే అది పదో తరగతి పరీక్షకు ముందు నాలుగేళ్ళలో పూర్తిగా గానీ, కొంతకాలం గానీ ఏ బడిలోనూ చదవనివాళ్ళకు. అంటే చదువు మానేసి, పెళ్ళయ్యాక అత్తవారింటి నుంచి ప్రైవేటుగా పరీక్ష రాసిన స్త్రీకి ఇక్కడి నివాసం లెక్కకొస్తుంది. బుద్ధిగా బడికెళ్ళిన స్త్రీకి రాదు!

ఇప్పుడు అంగన్‌వాడీ ప్రకటన తీసి చూడండి. వివాహిత అయి ఉండాలి, ఆ గ్రామంలో నివసిస్తూ ఉండాలి అని రాసేవారు. అక్కడ స్టడీ సర్టిఫికెట్ కన్నా కాపురం ముఖ్యం. గౌరవ వేతనం మీద చాకిరీకి అత్తవారి ఊరు చాలు. జీతం, పింఛను, లాఠీ ఉన్న ఉద్యోగానికి చాలదు. ఒకే ప్రభుత్వానికి రెండు కొలతలెందుకు?

స్టేషన్‌లో స్థానిక స్త్రీ ఉండడం మనకు చిన్న విషయం కాదు. ‘మా గుంటని అత్తోరు తన్నేసినారు’ అని ఏడ్చే తల్లి మాట తిరిగి అడగకుండా అర్థమయ్యేవాళ్ళు అక్కడ కావాలి. నిందితుడు బంధువైతే స్థానిక పోలీసు న్యాయం చేస్తుందా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎన్నికల సమయంలో సొంత జిల్లా అధికారులను ఎన్నికల సంఘం మార్పించేది ఆ అనుమానంతోనే. దానికి మందు, నియామకం జిల్లాలో ఇచ్చి పోస్టింగు సొంత ఊరికి దూరంగా ఇవ్వడం. అంతేగాని కోడలిని వడపోతలోనే తీసేయడం కాదు.

అమెరికాలో చికాగో నగరం పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది నగరంలోనే నివసించాలంటుంది. నగరం విడిచి న్యూజెర్సీకి మారిన ఫిలడెల్ఫియా ఫైర్‌మన్ ఉద్యోగం పోతే, 1976లో అక్కడి సుప్రీంకోర్టు నగరం పక్షానే నిలిచింది. ఆ నిబంధనలోనూ ఇబ్బందులున్నాయి. కాని అది ‘ఇప్పుడెక్కడ ఉంటున్నావు’ అని అడుగుతుంది. మనది ‘చిన్నప్పుడెక్కడ చదివావు’ అని అడుగుతుంది.

ఈ కొలతను మార్చడం కుదరదా? రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలివచ్చేవాళ్ళను స్థానికులుగా గుర్తించడానికి 2016లో ఇదే ఉత్తర్వును సవరించారు. మొదట మూడేళ్ళ గడువిచ్చి, తర్వాత పొడిగించారు. రాజధాని మారితే వంగిన నిబంధన, పెళ్ళితో ఇల్లు మారిన స్త్రీ కోసం ఎందుకు వంగదు?

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ముల్కీ నిబంధనలు ముల్కీ భార్యను ముల్కీగానే చూశాయి. అది భర్త తోకగా ఇచ్చిన హోదా. మనకు కావలసింది అది కాదు. విడాకులు పొందినా, భర్త పోయినా, అసలు పెళ్ళే కాకపోయినా, జిల్లాలో నాలుగేళ్ళుగా నివసిస్తున్న స్త్రీ తన నివాసంతో తానే స్థానికురాలు కావాలి. చదివిన జిల్లా, నివసిస్తున్న జిల్లా - రెంటిలో ఒకదాన్ని ఎంచుకునే హక్కు ఆమెకుండాలి. ఒకసారి ఎంచుకున్నాక మార్చకూడదంటే దుర్వినియోగానికీ తావుండదు.

సూటి నియామకాల్లో మూడో వంతు స్త్రీలకని నిబంధన తెచ్చుకున్నాం. ఆ వాటా గుమ్మం దగ్గరే కోడళ్ళను నిలిపేస్తున్న ఈ కొలతను మన సంఘాలు చర్చకు పెట్టాలి. ప్రతి మండలంలో ఇలా ఆగిపోయిన స్త్రీల వివరాలు సేకరించి, సవరణ కోరుతూ ప్రభుత్వాల ముందుంచాలి. ఆడపిల్లకు పుట్టిల్లు, అత్తిల్లు తప్ప తన ఇల్లు లేదని సమాజం ఎటూ అంటోంది. ప్రభుత్వం కూడా ఆ మాటే రాసిపెట్టుకుంటే ఊరుకుందామా?