సేవాభావం కొలమానం కాదు

“ఫలానా ఆశ్రమం చాలా మంచిదట, సొంత తల్లిదండ్రుల్లా చూసుకుంటారట.” ఈ ఒక్క మాట ఇవాళ తెలుగు ఇళ్లలో యోగ్యతాపత్రంగా చెలామణీ అవుతోంది. నడిపేవాళ్లు భక్తిపరులు, ఆవరణలో చిన్న గుడి ఉంది, పండగలకు కొత్తబట్టలు పెడతారు, పుట్టినరోజున కేకు కోయించి వాట్సాప్‌లో ఫొటోలు పంపుతారు. ఇంత చూశాక ఇంకేం అడగాలన్నది మన ధోరణి. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారనో, నెలకెన్నిసార్లు బరువు తూస్తారనో ఎవరైనా అడిగితే నిర్వాహకులు నొచ్చుకుంటారు. పక్కనున్న బంధువులే “సేవ చేసేవాళ్లను అలా లెక్కలు అడక్కూడదు” అని సర్దిచెబుతారు. సేవాభావం ఉన్నచోట లెక్క అక్కర్లేదన్న ఈ నమ్మకం తప్పు. మంచం పట్టిన ముసలివాళ్ల ప్రాణాలకు అది ప్రమాదం కూడా.

తమ పనులు తాము చేసుకుంటూ, తమ మందులు తాము వేసుకోగలిగిన పెద్దల గురించి నేను మాట్లాడటం లేదు. వాళ్లకు కూర రుచి, గదిలో గాలి, కబుర్లకు తోడు ముఖ్యమే. నచ్చకపోతే నోరు తెరిచి చెప్పగలరు. నా బాధ పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్ల గురించి, తుంటి ఎముక విరిగి లేవలేనివాళ్ల గురించి, డిమెన్షియాతో కొడుకు పేరే మరిచిపోయినవాళ్ల గురించి. వీళ్లకోసం అసిస్టెడ్ లివింగ్ అనీ నర్సింగ్ కేర్ అనీ పేర్లు పెట్టుకుని హైదరాబాద్ శివార్లలో, విజయవాడలో, విశాఖలో డబ్బు తీసుకునే కేంద్రాలు వెలిశాయి. పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. వీడియో కాల్‌లో తల దువ్విన అమ్మ, ఇస్త్రీ చొక్కాలో నాన్న కనిపిస్తే మనసు కుదుటపడుతుంది. ఫోన్ కెమెరా ముఖం చూపిస్తుంది. నడుం కింద ఏముందో చూపించదు.

అక్కడ ఏం జరుగుతుందో వివరంగా చెప్పాలి. కదలకుండా పడుకున్న మనిషి బరువంతా నడుం కింది ఎముక మీద, మడమల మీద, తుంటి పక్కన ఆనుతుంది. ఆ ఒత్తిడికి చర్మంలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. మొదట ఎర్రటి మచ్చలా వస్తుంది. మన చామనఛాయ ఒంటిమీద ఆ ఎరుపు సరిగా కనిపించదు కూడా, చేత్తో తడిమి చూస్తే వెచ్చగానో గట్టిగానో తగులుతుంది. పట్టించుకోకపోతే చర్మం చిట్లుతుంది, కండ కుళ్లుతుంది, కొందరికి ఎముక బయటపడేదాకా పోతుంది. చీము రక్తంలోకి ఎక్కితే మనిషి దక్కడం కష్టం. దీన్ని ఆపేందుకు నర్సింగ్‌లో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, తడి లేకుండా ఉంచడం, మాంసకృత్తులున్న తిండి పెట్టడం.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 12 మంది మంచాన పడినవాళ్లున్న చోటు అనుకోండి. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా రెండు గంటలకోసారి అంటే ఒక్కొక్కరిని 6 సార్లు తిప్పాలి. మొత్తం 72 సార్లు. డైపర్ చూసి, తడిస్తే మార్చి, ఒళ్లు తుడిచి, పక్కకు తిప్పి దిండు ఆనించడానికి 10 నిమిషాలే పట్టిందనుకున్నా 720 నిమిషాలు. అంటే సరిగ్గా 12 గంటలు. ఒక ఆయా రాత్రంతా మంచినీళ్లకు కూడా ఆగకుండా చేస్తే తప్ప అది తెమలదు. పైగా బరువైన మనిషిని ఒక్కరు తిప్పలేరు, ఇద్దరు పట్టాలి. ఈలోగా దాహమన్నవాళ్లున్నారు, బాత్రూంకి తీసుకెళ్లమన్నవాళ్లున్నారు, ఇంటికి పోతానని తలుపు దగ్గర నిలబడ్డవాళ్లున్నారు. ముగ్గురు లేనిదే ఆ రాత్రి గడవదు. అక్కడ ఒకే ఒక్క ఆయమ్మ ఉందంటే, ఆమె ఎంత మంచి మనసున్నదైనా, తెల్లారేసరికి కొందరు తడిలోనే పడి ఉంటారు. ఆమెలో కరుణ లేక కాదు, ఆమెకున్నవి రెండు చేతులే.

సేవకూ లెక్కకూ పడదనేవాళ్లు నర్సుల దినోత్సవానికి ఎవరి ఫొటోకు దండ వేస్తారో గుర్తుచేసుకోవాలి. క్రిమియా యుద్ధంలో దీపం పట్టుకుని సైనికుల మధ్య తిరిగిన మూర్తిగా ఫ్లోరెన్స్ నైటింగేల్ మనకు తెలుసు. ఆమె అంతకన్నా ఎక్కువ కాలం చేసిన పని మరణాల పట్టికలు కట్టడం. ఎంతమంది గాయాలతో పోయారు, ఎంతమంది మురికివల్ల వచ్చిన జబ్బులతో పోయారు అని లెక్కతీసి బ్రిటిష్ ప్రభుత్వం ముందు పెట్టింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీ 1858లో సభ్యత్వమిచ్చిన మొదటి మహిళ ఆమే. రోగికి పడక పుండు పడితే సాధారణంగా తప్పు జబ్బుది కాదు, నర్సింగ్‌ది అని కూడా ఆమె నిర్మొహమాటంగా రాసింది. అవసాన దశలో ఎంత చూసుకున్నా నిలవని చర్మం కొందరికి ఉంటుందని ఇవాళ్టి వైద్యం ఒప్పుకుంటుంది. అయినా ఆశ్రమంలో చేరాక పుండు పడిందంటే నర్సింగ్ ఎలా జరిగిందన్న మొదటి ప్రశ్న మారలేదు.

సందర్శకులు తరచూ మెచ్చుకునే మరో గుణం నిశ్శబ్దం. “ఎంత ప్రశాంతంగా ఉందో” అంటారు. డిమెన్షియా ఉన్న ఇరవై మంది ఉన్నచోట సాయంత్రం పూట ఎవరూ అరవకుండా, ఎవరూ తిరగకుండా ఉన్నారంటే నాకు భయమేస్తుంది. మనుషులు చాలక మాత్రలతో పడుకోబెట్టే అలవాటు ప్రపంచమంతటా ఉంది. ఇందుకు వాడే క్వెటియాపిన్, రిస్పెరిడాన్ లాంటి మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే మందుల సమాచారపత్రంలో తీవ్ర హెచ్చరిక వేయించింది. 2008లో హాలోపెరిడాల్ లాంటి పాత మందులకూ దాన్ని వర్తింపజేసింది. మీ నాన్న పగలంతా మత్తుగా తూగుతుంటే మందుల చీటీ అడిగి చూడండి. ఏ డాక్టరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు ఆపుతారు అని అడగండి. అడగడం మీ హక్కు.

ఇక తిండి. గోడమీద మెనూ బోర్డు చూసి మురిసిపోవడం మానాలి. ఇడ్లీ ఉందా, ఉప్మా ఉందా అన్నది కాదు ప్రశ్న. మింగడం కష్టమైన మనిషికి పక్కన కూర్చుని అర గంటో ముప్పావు గంటో ఓపిగ్గా తినిపించేవాళ్లున్నారా? లేనిచోట పళ్లెం వస్తుంది, పళ్లెం పోతుంది. కొన్నాళ్లకు ముక్కులో పైపు వేస్తారు. నడిపిస్తే బాత్రూం దాకా వెళ్లగలిగిన మనిషికి డైపర్ కట్టేయడం కూడా ఇదే కోవలోది, పని తగ్గుతుంది కాబట్టి. నెలలో 5 శాతం బరువు తగ్గితే దాన్ని తీవ్రమైన సూచనగా తీసుకోవాలన్నది వృద్ధుల వైద్యంలో స్థిరపడిన కొలత. 50 కిలోల అమ్మ నెలలో 47.5కు దిగిందంటే మెనూ బోర్డు ఏం చెప్పినా అబద్ధమే.

ఏ ఒక్క అంకెనూ గుడ్డిగా నమ్మమని నేను అనను. “మా దగ్గర ఏడాదిగా ఒక్కరూ పడిపోలేదు” అని గర్వంగా చెప్పే చోట ముసలివాళ్లను అసలు కుర్చీలోంచి లేవనిస్తున్నారో లేదో చూడాలి. చున్నీతో కుర్చీకి కట్టేసినా పడిపోయేవాళ్లు ఉండరు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ పడ్డారో, ఆ తర్వాత ఏం మార్చారో రాసిపెట్టిన రిజిస్టర్ ఉన్న చోటును నేను ఎక్కువ నమ్ముతాను. బేరూట్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన వైద్యుడు అవెడిస్ డోనబేడియన్ 1966లో వైద్యసేవల నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలన్నాడు: ఉన్న వసతులు, చేసిన పని, వచ్చిన ఫలితం. మనం మొదటిదాని దగ్గరే, అదీ పాలరాతి గచ్చు దగ్గరే, ఆగిపోతున్నాం.

పెద్దవాళ్లనే అడిగితే సరిపోదా అంటారు. అడగాలి, కానీ మేనేజరు పక్కన నిలబడి ఉండగా కాదు. రేపు తనను శుభ్రం చేయాల్సిన మనిషి మీద ఈ రోజు ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికుంటుంది? “బాగానే చూస్తున్నారు నాయనా” అన్న జవాబులో సగం భయం, సగం మనల్ని కష్టపెట్టకూడదన్న ప్రేమ. “ఎలా చూస్తున్నారమ్మా” అని అడక్కండి. “నిన్న రాత్రి నీకు దాహమేస్తే ఎవరు లేచారమ్మా, పిలిచాక ఎంతసేపటికి వచ్చారు” అని అడగండి.

సేవాభావం అన్న పొగడ్త ఎవరి నెత్తిన బరువు వేస్తుందో కూడా చూడాలి. తక్కువ జీతానికి, పన్నెండు గంటల డ్యూటీకి, శిక్షణ లేకుండా ఏజెన్సీ పంపితే వచ్చిన ఆడమనిషి మీద. ఆమె నెలకు మించి నిలవదు. కొత్తగా వచ్చినామెకు ఏ తాతకు ఏ పక్క నొప్పో, ఏ అవ్వ చప్పరించి మింగుతుందో తెలిసేసరికి ఆమె కూడా వెళ్లిపోతుంది. ఆయాకు న్యాయమైన జీతం, వారానికో సెలవు ఇవ్వని యాజమాన్యం సేవ గురించి మాట్లాడటం అన్యాయం. లెక్కలు పెడితే ఆప్యాయత యాంత్రికమైపోతుందనేవాళ్లకు కూడా నా జవాబు ఇదే. చేయి పట్టుకుని రెండు మాటలు మాట్లాడాలంటే ముందు ఆమెకు ఆ రెండు నిమిషాలు మిగలాలి.

“అమెరికాలో అన్నీ కొలిచారు, ఏం ఒరిగింది” అన్న ఆక్షేపణకు బలం ఉంది. అక్కడ 1987 చట్టంతో నర్సింగ్ హోమ్‌లకు జాతీయ ప్రమాణాలు వచ్చాయి, ముందుగా చెప్పకుండా తనిఖీలు వచ్చాయి. 2008 చివర్లో ఐదు నక్షత్రాల రేటింగ్ పెట్టారు. తనిఖీ ఫలితాలు పోను, సిబ్బంది లెక్కలూ నాణ్యతా వివరాలూ హోమ్‌లు తమకు తామే రాసిచ్చేవి. ఘోరమైన ఫిర్యాదులున్న చోట్లకూ ఐదు నక్షత్రాలు వచ్చాయని న్యూయార్క్ టైమ్స్ 2014లో బయటపెట్టింది. అప్పుడు వాళ్లు కొలవడం మానలేదు. 2018 నుంచి సిబ్బంది అంకెలను జీతాల రికార్డుల నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. 2024లో ఒక్కో వృద్ధునికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సేవ ఉండాలని నిబంధన తెస్తే హోమ్‌ల యాజమాన్యాలు కోర్టుకెక్కాయి, 2025లో టెక్సస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. గోడలకు రంగు వేయమంటే ఎవరూ కోర్టుకు పోరు, మనుషుల్ని పెట్టమంటే పోతారు. ఖర్చంతా అక్కడే ఉంది, నాణ్యతా అక్కడే ఉంది.

మన దగ్గర కొలతే లేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ జిల్లాకు కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపోయే ఆశ్రమం గురించి చెబుతుంది. ఆశ్రమాల నిర్వహణకు ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇస్తుంది. వృద్ధుల సంరక్షణ కేంద్రాలన్నీ రిజిస్టర్ కావాలని, కనీస ప్రమాణాలు పాటించాలని 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు 2024లో సభ రద్దవడంతో మురిగిపోయింది. దానికోసం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. డబ్బు తీసుకుని మంచాన పడినవాళ్లను చేర్చుకునే ప్రతి కేంద్రాన్నీ రిజిస్టర్ చేయించి, రాత్రి 2 గంటలకు చెప్పకుండా తనిఖీ చేసి, ఆ నివేదికలను తెలుగులో అందరికీ కనిపించేలా పెట్టే పనికి రెండు తెలుగు రాష్ట్రాలూ పూనుకోవాలి.

ఆ రోజు వచ్చేదాకా ఆ తనిఖీ మనమే చేయాలి. అమ్మను చేర్చే ముందు ఒకసారి పొద్దుపోయాక చెప్పకుండా వెళ్లండి. గత మూడు నెలల రాత్రి డ్యూటీ జాబితా, బరువుల రిజిస్టర్, పడిపోయినవాళ్ల వివరాలు అడగండి. చేర్చాక వెళ్లిన ప్రతిసారీ దుప్పటి తీసి మడమలు, నడుం మీరే చూడండి. నిర్లక్ష్యం కనిపిస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. రిజిస్టర్ అడిగితే నొచ్చుకునే ఆశ్రమానికి అడ్వాన్సు కట్టకండి.