రేడియో చెప్పిన టైము

వార్తలకు ముందు రేడియోలో పిప్ పిప్‌మని కూతలు వినిపించేవి. ఆ కాసేపూ మా ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు. నాన్న హెచ్ఎంటీ వాచీ కీ పైకి లాగి పట్టుకుని, ఆఖరి కూతకు టక్కున నొక్కేవారు. ఊరందరి తరఫునా ఓ పెద్దపని చక్కబెట్టినట్టుండేది ఆయన ముఖం. తర్వాత గోడ గడియారం వంతు. ఈలోగా పక్కింటి మామయ్యగారి కేక: "టైమెంతయింది బాబూ?"

ఆ కూత మా ఇంటికి ఎంతసేపట్లో వచ్చిందని అప్పుడెవరూ ఆలోచించలేదు. రేడియో తరంగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. విజయవాడ కేంద్రానికీ మా ఊరికీ వంద కిలోమీటర్లు. ఆ దూరమంతా దాటడానికి అలకు పట్టిన వ్యవధి కన్నా, పెట్టెలోంచి వెలువడిన శబ్దం జానెడు అవతలున్న నాన్న చెవిని చేరడానికే ఎక్కువ పట్టేది! తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఎంత వేగంగా వచ్చినా ఆలస్యం ఆలస్యమే. చంద్రుడి మీదికి ఓ పలకరింపు పంపితే, వెంటనే బదులిచ్చినా మనకందడానికి రెండున్నర సెకన్లు. 1977లో బయల్దేరిన వాయేజర్-1 నుంచి కబురు రావాలంటే 23 గంటలు దాటుతుంది. పూర్వం దూరదేశం నుంచి వచ్చే ఉత్తరంలాగే. 'ఇక్కడ అందరం కులాసా' అని మనం చదివేసరికి ఆ కులాసాకు వారం వయసు. ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా అంతే కాబోలు, పిసరంత పాతది.

ఇంకో చిత్రం. ఒకప్పుడు సెకనుకు భూమి తిరుగుడే లెక్క. 1967 నుంచి లెక్క మారింది. సీజియం పరమాణువు తాలూకు తరంగం 919,26,31,770 సార్లు ఊగితే ఒక సెకను. అదీ రేడియో అలల జాతిదే. టైము మోసుకొచ్చే అలే టైముకు కొలబద్దయి కూర్చుందన్నమాట. నాన్నకు చెబితే, "సరే, మన వాచీ కరెక్టేనా?" అనేవారు.

ఈమధ్య ఫోన్‌లో ఆకాశవాణి పెట్టుకుని, పక్కనే పాత ట్రాన్సిస్టర్ తిప్పాను. ఫోన్‌లో వార్తలు కొన్ని సెకన్లు వెనకబడ్డాయి. మాటను ముక్కలు చేసి, మూటగట్టి, దారిలో కాస్త నిలవుంచి పంపుతారు గనక. మీ అటక మీద కూడా ఓ రేడియో ఉండే ఉంటుంది. దించి, దుమ్ము దులిపి, బ్యాటరీలు వేసి చూడండి. వాచీ మాత్రం దాన్నిబట్టే సరిపెట్టుకోండి.