చెప్పిన మాటే చెప్తే నసా, ప్రేమా?

ఇంట్లో ఆడవాళ్ల మీద ఎప్పుడూ ఉండే ఫిర్యాదు ఒకటుంది: "చెప్పిందే చెప్తవ్." తిన్నవా, నీళ్ల బాటిల్ పెట్టుకున్నవా, చేరినంక ఫోన్ చెయ్యి... రోజూ ఇవే మాటలు. వాటికి పెట్టిన పేరు నస. అదే పని కవి చేస్తే పల్లవి అంటారు, చప్పట్లు కొడతారు. నిజంగా ఈ రెండింటికీ అంత దూరముందా? నాకైతే లేదనిపిస్తుంది.

మన బతుకమ్మనే చూడండి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడతాం. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లం చుట్టూ తిరుగుతూ అందుకుంటాం. ఎన్నో పాటల్లో ప్రతి వరుస చివరా "ఉయ్యాలో" అనే మాటే. దాని ముందు వచ్చే సంగతి మాత్రం మారుతుంది. ఒకసారి పుట్టింటి ముచ్చట, ఒకసారి అత్తింటి కష్టం, ఇంకోసారి అన్న కోసం ఎదురుచూపు. పాట మొత్తం రాని కొత్త కోడలు కూడా ఆ ఒక్క మాట పట్టుకుని వరుసలో కలిసిపోతుంది. మళ్లీ మళ్లీ రావడం వల్లే ఆ మాట అందరిదీ అయింది. రోజుకో మాట మారిస్తే ఆమె పక్కన నిలబడి చూస్తూ ఉండాల్సిందే.

ఇక తంగేడు, గునుగు, బంతి పేర్చి అమ్మా అని పిలవడం ఎంత గొప్ప పోలిక! పూలను అమ్మ అంటాం, పసుపు ముద్దను గౌరమ్మ అంటాం, చివరికి ఆడబిడ్డను అత్తారింటికి సాగనంపినట్టు నీళ్లలో సాగనంపుతాం. ఎవరూ వివరించకపోయినా మనసుకు తెలిసిపోతుంది.

ఉర్దూ గజల్‌లోనూ ఇదే లెక్క ఉందని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. మన జిల్లాలోనే, దహెగాం మండలం తెనుగుపల్లెలో 1928లో పుట్టిన సామల సదాశివ గారు ఉర్దూ సాహిత్యాన్నీ, హిందుస్తానీ సంగీతాన్నీ తెలుగువాళ్లకు దగ్గర చేశారు. అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగులోకి తెచ్చారు. 'స్వరలయలు' పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కరీంనగర్ వైపు హనుమాజీపేటలో పుట్టిన సినారె గారు తెలుగులోనే గజళ్లు రాసి, పాడారు కూడా. గజల్‌లో రెండేసి పాదాలకు ఒకసారి చివర్లో తిరిగి వచ్చే మాటను రదీఫ్ అంటారు. దానికి ముందు ప్రాస కుదిరేలా మారుతూ వచ్చే మాట కాఫియా. రదీఫ్ కదలదు, కాఫియా మారుతుంది. అందుకే అదే మాట ఒకచోట విరహంలా, ఒకచోట వేడుకోలులా, ఒకచోట ఎత్తిపొడుపులా వినబడుతుంది.

ఇప్పుడు మన "తిన్నవా?" దగ్గరికి రండి. హాస్టల్లో ఉన్న కొడుకును ఫోన్లో అడిగితే అది బెంగ. మంచం దిగలేని అత్తమ్మను అడిగితే భరోసా. పొద్దున కొట్లాడిన మనిషిని రాత్రి అడిగితే రాజీ. మాట ఒకటే, ముందున్న సంగతి వేరు. అయితే ఇందులో మనం నేర్చుకోవాల్సిందీ ఉంది. ఎదుటివాళ్ల జవాబు వినకుండా, వాళ్ల ముఖం చూడకుండా అడిగితే మాత్రం అది నిజంగానే నస. కాఫియా లేని రదీఫ్ అన్నమాట.

పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య చేసిందీ ఇదే. వేలకొద్దీ పాటల్లో ఆ వేంకటేశుడి పేరే. కానీ ఒక పాటలో ఆయన ఉయ్యాలలో పసివాడు, ఒక పాటలో అలమేలుమంగ అలిగిన మగడు, మరో పాటలో దిక్కులేనివాళ్లకు దిక్కు. పేరు మారలేదు, పోలిక మారింది. ప్రేమించినవాళ్లను ప్రతిరోజూ కొత్తగా చూడగలగడమంటే అదేనేమో.

నా అసలు బాధ పోలికల గురించే. మన ఇళ్లలోనూ పోలికలకు కరువు లేదు. బిడ్డ పుట్టగానే మహాలక్ష్మి అంటాం. అదే బిడ్డ పెండ్లీడుకు రాగానే "గుండెల మీద కుంపటి" అంటాం. ఈ మధ్య ఒక చుట్టాలింట్లో ఒక పెద్దాయన ఈ మాట నవ్వుతూనే అన్నారు. డిగ్రీ చదివే వాళ్లమ్మాయి అప్పుడే చాయ్ తెచ్చింది. ట్రే అక్కడ పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆయనకు కూతురంటే ప్రాణమని నాకు తెలుసు. కానీ ఆ అమ్మాయి చెవిన పడేది ఆయన ప్రాణం కాదు, కుంపటి. ఏడాదికి వందసార్లు ఆ మాట వింటే తను ఈ ఇంటిని కాల్చే నిప్పునని నమ్మకుండా ఎట్లా ఉంటుంది? పాటను గుండెలో నాటే శక్తి మళ్లీ మళ్లీ చెప్పడానికి ఉన్నట్టే, ముల్లును దించే శక్తీ దానికే ఉంది.

"ఇంటికి దీపం ఇల్లాలు" కూడా అంతే. వినడానికి బాగుంటుంది. దీపంలో నూనె పోసేదెవరో మాత్రం సామెత చెప్పదు. పొద్దున అయిదింటి నుంచి వెలిగే దీపానికి సాయంత్రం ఒక గంట కూర్చోమని ఎవరైనా అంటే అదే నూనె. పొగిడి ఊరుకునే పోలిక నాకొద్దు.

కవులు ఒక్క మాట కోసం రాత్రులు మేల్కొంటారు. మనకంత తీరిక లేదు. కానీ ఇంట్లో రోజూ తిరిగొచ్చే మాట ఏదో ఒకసారి గమనించుకోవడానికి తీరిక అక్కర్లేదు. "తిన్నవా" అనేదాన్ని నేను మానను. ఎవరేమన్నా సరే, అది మా ఇంటి రదీఫ్. కుంపటి లాంటి మాట మాత్రం నా ముందు ఎవరన్నా వాళ్ల ముఖం మీదే చెప్తాను: ఆ పోలిక మార్చండి, బిడ్డ వింటోంది.