ట్యాంకులోనూ నీళ్లు ఊరుతాయి

మా మందమర్రిలో బాయి అంటే బొగ్గు బాయే. బాయిలో నీళ్లు ఊరుతాయని చిన్న పిల్లగాడికీ తెలుసు. పంచర్ షాపులో కంప్రెసర్ ట్యాంకులోనూ ఊరుతాయంటే మాత్రం నవ్వుతారు. "అందులోకి పోయేది గాలే కదన్నా!" అంటారు.

కంప్రెసర్లు రిపేర్ చేసుకుని బతికేవాణ్ని, చెప్తా వినండి. గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది. 7 బార్, అంటే సుమారు 100 పీఎస్ఐ దాకా కొడితే, 8 ట్యాంకుల గాలి ఒక్క ట్యాంకులో ఇరుకుతుంది. వేడి తగ్గగానే తేమ నీరై అడుగున చేరుతుంది. వానాకాలం ఇంకా ఎక్కువ. ఆ నీళ్లు రేకును లోపల్నుంచి తింటాయి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పలచబడ్డ ట్యాంకు పేలితే పక్కనున్న మనిషి ప్రాణానికే ముప్పు.

అందుకే రోజూ పని అయ్యాక అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు మెల్లగా తిప్పి నీళ్లు వదలండి. ఎర్రగా తుప్పు నీళ్లొస్తే మెకానిక్‌ను పిలవండి. ట్యాంకును గాలితో కాదు, నిండా నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. నీళ్లు గాలిలా కుదించుకుపోవు, అందుకే ట్యాంకు చీలినా బాంబులా పేలదు. చిల్లు పడితే వెల్డింగ్ అతుకులు వద్దు, ట్యాంకు మార్చాల్సిందే.

సేఫ్టీ వాల్వు కారుతోందని బిరడా కొట్టే షాపులూ చూశాను. కుక్కర్ విజిల్ కట్టేసి పొయ్యి మీద పెట్టినట్టే అది!

తమ్ముడూ, కొత్తగా షాపులో పనికి కుదిరావా? జీతం సంగతితో పాటు ఓనర్‌ను ఇదీ అడుగు: "ట్యాంకు నీళ్లు ఎప్పుడు వదిలిండ్రు?"