నా గేటుకి వాచ్‌మన్ ఒక్కడే

"మావయ్యా, అమెరికా కోర్టే కొట్టేసింది. మీరింకా నెట్ న్యూట్రాలిటీ అంటారేంటి? పోటీ ఉంటే చాలు, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు మా మేనల్లుడు, పెసరట్టు తుంపుకుంటూ. వాడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నేను నోరు తెరిచేలోపు వాడి ఫోను మోగింది. బాల్కనీలోకి వెళ్ళి అరగంట మాట్లాడాడు. చల్లారిన అట్టు ముందు కూర్చుని నేను ఉడికిపోయాను.

అక్కడితో ఊరుకునేవాణ్ణేమో. అదే ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగులో సెక్రటరీ గారు కూడా ఆ మంత్రమే చదివారు. ఒక కంపెనీ వాళ్ళు మొత్తం డెబ్బై ఫ్లాట్లకీ నెట్ ఇస్తారట. రేటు తగ్గిస్తారట. రెండు ఓటీటీలు ఫ్రీ అట. క్లబ్‌హౌస్‌కి ఒక పెద్ద టీవీ కూడానట. షరతు ఒక్కటే: ఇంకో కంపెనీ వైరు కాంపౌండులోకి రాకూడదు. "ఇదేం పోటీ అండీ?" అని లేచాను. "మిగతా ముగ్గురితో పోటీపడే కదండీ వీళ్ళు ఈ రేటుకి దిగారు!" అన్నారాయన. సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల కోసమే ఈ వ్యాసం.

పోటీ అనే మాట ఇప్పుడు మనకి జిందా తిలిస్మాత్ అయి కూర్చుంది. జలుబుకీ అదే, కడుపునొప్పికీ అదే, పంటికీ అదే. కరెంటుకి పోటీ, చదువుకి పోటీ, ఆస్పత్రికి పోటీ. ఇంటర్నెట్‌కి అడగనే అక్కర్లేదు, సీసాలోంచి ఒక చుక్క వేస్తే సరి.

ముందు ఆ కోర్టు సంగతి తేల్చేద్దాం. 2025 జనవరి 2న సిన్సినాటిలోని అప్పీళ్ళ కోర్టు, అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నెట్ న్యూట్రాలిటీ నిబంధనల్ని కొట్టేసిన మాట నిజం. ఎందుకు కొట్టేసింది? చట్టం ప్రకారం అలాంటివి పెట్టే అధికారం ఎఫ్‌సీసీకి లేదని. అమెరికాలో పోటీ పొంగిపొర్లుతోంది కాబట్టి నిబంధనలు దండగ అని కాదు. కాలిఫోర్నియా 2018లో సొంతంగా చేసుకున్న చట్టం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మన దగ్గర సంగతి పూర్తిగా వేరు. ఒక్కో సైటుకి ఒక్కో రేటు పెట్టకూడదని 2016 ఫిబ్రవరి 8న మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కట్టడి చేసింది. 2018లో టెలికాం శాఖ లైసెన్సు షరతుల్లోనే ఎక్కించింది: సైట్లని ఆపకూడదు, కావాలని నెమ్మది చేయకూడదు, డబ్బిచ్చినవాడికి ముందు దారి ఇవ్వకూడదు. వీటికీ సిన్సినాటి జడ్జీలకీ ఏం సంబంధం? మావాడు హెచ్‌1బీ కోసం ఎదురుచూస్తున్నాడు కాబట్టి, అక్కడి తీర్పులు వాడికి అడ్వాన్సుగా వర్తిస్తున్నాయేమో.

ఇక అసలు విషయం. ఈ ఊళ్ళో వేల అపార్ట్‌మెంట్లున్నాయి. బిల్డర్ల మధ్య పోటీ ఎంతంటే కూకట్‌పల్లిలో ఆదివారం పేపరు విప్పితే వార్తలు వెతుక్కోవాలి. కానీ నన్ను చూడటానికొచ్చే చుట్టానికీ, పాలవాడికీ, కొరియర్ కుర్రాడికీ ఆ వేల గేట్లతో పని లేదు. వాళ్ళు దాటాల్సింది నా గేటు. ఆ గేటు దగ్గర వాచ్‌మన్ పాలవాడి దగ్గర రోజూ ఇరవై రూపాయలు గుంజడం మొదలెట్టాడనుకోండి. నాకు తెలుస్తుందా? పాల ప్యాకెట్ మీద రూపాయో రెండో పెరుగుతుంది. లేదా పాలవాడు మా వైపు రావడం మానేస్తాడు, ఆ ఇరవై లెక్కలేని పెద్ద డెయిరీ బండి మాత్రం దర్జాగా లోపలికొస్తుంది. నేను పాలవాణ్ణి బద్ధకస్తుడని తిట్టుకుంటాను. ఒకవేళ తెలిసినా, ఇరవై రూపాయల కోసం ఫ్లాటు అమ్ముకుని పక్క అపార్ట్‌మెంట్‌కి పోతానా? పోయినా అక్కడ ఇంకో వాచ్‌మన్ కుర్చీ వేసుకుని ఉంటాడు.

ఇంటర్నెట్ కంపెనీ అచ్చంగా ఈ వాచ్‌మనే. నేను దాని చందా కట్టిన రోజు నుంచి నా ఇంటికి చేరాలనుకునే ప్రతి సైటుకీ అదొక్కటే దారి. కంపెనీలు మూడున్నా ముప్పై ఉన్నా, ఎవడి చందాదారులకి వాడే గుత్తేదారు. కంపెనీలు పోటీపడేది నా కోసం. సుంకం పడేది నన్ను చేరాలనుకున్నవాడి మీద. "నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారిపో" అనే సలహా నాకు చెల్లుతుందేమో గానీ, నా దగ్గరికి రావాల్సినవాడు ఏ కంపెనీకి మారతాడు? నేను ఎక్కడుంటే వాడు అక్కడికే రావాలి. ఈ ఒక్క ముక్క అర్థమైతే మా మేనల్లుడికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. వాడికది అర్థం కాదు, ఎందుకంటే వాడు పాలవాడు కాదు.

ఊహించి చెబుతున్న భయం కాదిది. 2013 చివర్లో అమెరికాలో కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్ కంపెనీ చందాదారులకి నెట్‌ఫ్లిక్స్ నత్తనడక పట్టింది. 2014 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ డబ్బు కట్టి కామ్‌కాస్ట్‌తో నేరుగా కలుపుకుంది, వేగం తిరిగొచ్చింది. నెట్‌ఫ్లిక్స్ పెద్ద డెయిరీ, కట్టుకుంది. దక్షిణ కొరియా చూడండి. అక్కడ పెద్ద కంపెనీలు మూడు, వేగానికి లోకమంతా ఆ దేశాన్నే పొగుడుతుంది. ట్రాఫిక్ పంపిన కంపెనీయే అందుకున్న కంపెనీకి లెక్కగట్టి ఇవ్వాలనే పద్ధతి 2016లో తెచ్చారు. ఆ బరువు దొర్లి దొర్లి సైట్ల నెత్తిన పడింది. వీడియో గేములు లైవ్‌లో చూపించే ట్విచ్ 2024 ఫిబ్రవరిలో అక్కడి నుంచి మూటాముల్లె సర్దుకుంది. చాలా దేశాలకన్నా అక్కడ నెట్‌వర్క్ ఫీజులు పది రెట్లు అన్నాడు దాని అధిపతి. ముగ్గురు పోటీదారులుండి ఏం చేసినట్టు?

అన్నట్టు, ఈ గొడవకి సగం కారణం మన పత్రికలు వాడిన మాట. 'అంతర్జాల తటస్థత' అని రాశారు. వినగానే ఎన్నికల్లో ఎటూ చెప్పకుండా నవ్వే మేనమామ గుర్తొస్తాడు. అయితే మాట చెడ్డది కాదు. తటం అంటే గట్టు, తటస్థుడంటే గట్టున నిలబడ్డవాడు. మాది దుగ్గిరాల లాకుల దిగువన ఒక ఊరు. మా నాన్న కాలువ గట్టున నిలబడి నీళ్ళ వంతులు చూసే లస్కరుని చూసి భయపడేవాడు, మొక్కేవాడు, రాత్రి పొద్దుపోయాక తిట్టేవాడు. లస్కరు గట్టున ఉన్నంతసేపూ వంతు ప్రకారం నీళ్ళొచ్చేవి. ఎగువ పొలాల ఆసామి ఇంట్లో విందుకి కూర్చున్న రాత్రి మాత్రం మా తూములోకి చుక్క దిగేది కాదు. తెల్లారాక అడిగితే, "పైనుంచే రావట్లేదండీ" అనేవాడు. నెట్ ఆగినప్పుడల్లా కస్టమర్ కేర్ అమ్మాయి చెప్పే 'టెక్నికల్ ఇష్యూ సార్' వింటే నాకు ఆ గొంతే వినిపిస్తుంది. కాలువలు పది తవ్వితే లస్కర్ల మీద కట్టుబాటు అక్కర్లేదని మా ఊళ్ళో ఎవరైనా అని ఉంటే పంచాయతీ పెట్టి నవ్వేవాళ్ళు.

మన దేశంలోనే జరిగింది మర్చిపోయారు. 2014 డిసెంబరులో మొబైల్ కంపెనీలు డజను దాకా ఉన్నాయి. పోటీకి అంతకన్నా మంచి రోజుల్లేవు. టాటా డొకోమో పుణ్యమా అని సెకనుకి పైసా లెక్క కూడా ఆ పోటీలోంచే వచ్చింది, కాదనను. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ మీద మాట్లాడే స్కైప్, వైబర్ కాల్స్‌కి విడిగా డబ్బు తీసుకుంటామంది. వెనక్కి తగ్గింది కస్టమర్లు పక్క కంపెనీకి వలసపోయినందుకు కాదు, జనం గోల చేసినందుకు, ట్రాయ్ చర్చాపత్రం తెస్తానన్నందుకు. 2015లో ఆ పత్రానికి పది లక్షలకి పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. ఈలోగా ఫేస్‌బుక్ దిగింది. 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఆరు రాష్ట్రాల్లో ఇంటర్నెట్.ఆర్గ్ మొదలెట్టింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలంగాణ ఒకటి. తర్వాత దాన్నే ఫ్రీ బేసిక్స్ అన్నారు. పేదరైతుకి ఉచిత ఇంటర్నెట్ వద్దంటారా అని పేపర్ల నిండా నిలదీశారు. ఆ రైతు చూడగలిగేది ఫేస్‌బుక్ సరేనన్న సైట్లు మాత్రమే. భోజనం ఉచితం, విస్తట్లో ఏం పడాలో వడ్డించేవాడి ఇష్టం. దాన్ని ఆపింది 2016 నాటి ట్రాయ్ నిబంధన. పోటీ ఆపిందా? రిలయన్స్ కమ్యూనికేషన్స్ పోటీలో వెనకబడింది కాబట్టే ఆ పొత్తుకి ఎగబడిందని నా అనుమానం. ఓడిపోతున్నవాడే గేటు ముందు అమ్మేస్తాడు.

ఆ డజను ఇప్పుడెక్కడున్నాయి? 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా చవకైంది, మా అమ్మ కూడా యూట్యూబ్‌లో ప్రవచనాలు వింది. ఆ తర్వాత ఎయిర్‌సెల్ దివాలా, రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా, టెలినార్, టాటాల మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్లో విలీనం, వొడాఫోన్ ఐడియాలు పెళ్ళాడాయి. మిగిలింది ప్రైవేటువి మూడు, ఒక మూల బీఎస్‌ఎన్‌ఎల్. 2024 జూన్ 27న జియో రేట్లు పెంచుతున్నానంది, మర్నాడు ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా పెంచుతున్నామన్నాయి. ఒకరు తుమ్మితే మిగతా ఇద్దరూ చిరంజీవ అనేంత అన్యోన్యమైన పోటీ.

ఇప్పుడీ కంపెనీల సంఘం కొత్త పాట అందుకుంది. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్ళ వల్ల మా నెట్‌వర్కు బరువెక్కుతోంది, వాళ్ళు 'న్యాయమైన వాటా' ఇవ్వాలి అని. ఏ బరువయ్యా? ఆ వీడియో అడిగింది నేను. దానికి జీబీల లెక్కన ముందే రీచార్జి కట్టింది నేను. ఆడపెళ్ళివారి దగ్గరా మగపెళ్ళివారి దగ్గరా కమీషను పుచ్చుకుని, పైన పురోహితుడి దక్షిణలోనూ వాటా అడిగే పెళ్ళిళ్ళ పేరయ్యలు వీళ్ళు. ఆ వాటా ఇవ్వలేని చిన్న తెలుగు సైటు సంగతేమిటని అడిగితే, చిన్నవాళ్ళని వదిలేస్తామంటారు. ఇవాళ వదిలేస్తారు. ఇక కట్టుబాట్లుంటే పెట్టుబడులు రావనే వాదన. వచ్చే పెట్టుబడి వస్తూనే ఉంది, దాని గురించి కాగితం ఖర్చు చేయను.

"మరి మీరేం చేయమంటారు?" అని సెక్రటరీ గారు ఆ రోజు నిలదీశారు. చెప్పాను. వైరు ఒకటే ఉండనివ్వండి, అది అసోసియేషన్‌ది కావాలి. దాని మీద ఎవరైనా వచ్చి అమ్ముకోవచ్చు. రోడ్డు ఒకటి, బస్సులు పది. భవనాల్లో ఏ ఒక్క కంపెనీకో ప్రత్యేక హక్కులివ్వొద్దని 2017 జనవరిలోనే ట్రాయ్ సిఫార్సు చేసింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్‌లో ఇలాంటి ఆలోచనే ఉంది: కరెంటు స్తంభాల మీద ప్రభుత్వం తీగ, ఊళ్ళో కేబుల్ ఆపరేటర్ చేతి మీదుగా ఇంటికి, మొదట్లో నెలకి 149 రూపాయలు. తర్వాత దాని చుట్టూ నడిచిన రాజకీయాలూ కేసులూ చూసి నా వాదనకి సాక్ష్యంగా పిలవడానికి కొంచెం జంకుతున్నాను. అయినా పిలుస్తున్నాను.

అలాంటి ఉమ్మడి తీగ వద్దనుకుంటే ఏమొస్తుందో హైదరాబాద్ స్తంభాలే చెబుతాయి. ఒక్కో స్తంభానికి పది కంపెనీల చిక్కుముడి, ఏ తీగ బతికుందో ఏది చచ్చిందో దేవుడికే తెలియాలి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. ఆ తర్వాత స్తంభాల మీది కేబుళ్ళని విద్యుత్ సిబ్బంది కోసుకుంటూ పోయారు, చాలాచోట్ల నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టుకెక్కింది. వీధిలో ఆ పోటీ అంతా మెడ మీద వేలాడుతుంది, కాంపౌండు లోపలికొచ్చేసరికి ఒక్కటే వైరు.

నా ప్రతిపాదనకి మూడు చేతులు లేచాయి. మూడో ఫ్లోరులో అద్దెకుంటున్న కుర్రాడిది లెక్కలోకి రాదన్నారు. మొన్న లిఫ్టు పక్కన కొత్త కంపెనీ పెట్టె బిగించారు. పాత కంపెనీల వైర్లు కోసి చుట్ట చుట్టి జనరేటర్ గదిలో పడేశారు. క్లబ్‌హౌస్‌కి టీవీ ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందండీ అని సెక్రటరీ గారిని అడిగాను. కంపెనీకి ఫోన్ చేశారట, పైనుంచే రావట్లేదన్నారట.