హద్దురాళ్లు పాతేలోపు

మత్స్యకార పల్లెలో నిలబడి ‘ఈ ఇల్లు ఎవరిది?’ అని అడిగితే ఊరంతా ఒకే పేరు చెబుతుంది. అదే మాట తహసీల్దారు కార్యాలయంలో అడిగితే ‘సర్కారు పోరంబోకు’ అన్న జవాబు రావచ్చు. ఇన్నాళ్లూ ఆ రెండు జవాబులూ దేని దారిన అది నడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ప్రభుత్వం మారాక కొన్నాళ్లు ఆగినా మళ్లీ సాగుతోంది. కొత్త పటంలో ఒక్క జవాబే మిగులుతుంది. అది దస్త్రం చెప్పే జవాబే అయ్యే ప్రమాదం కళ్లముందుంది.

మన రెవెన్యూ రికార్డు శిస్తు కోసం పుట్టింది. పంట పండే నేలకే శిస్తు, శిస్తు కట్టినవాడికే దస్త్రంలో పేరు. వలలు ఆరేసుకునే ఇసుకకు, పడవను లాగి నిలిపే ఒడ్డుకు, చేపలు ఎండబెట్టే జాగాకు, గంగమ్మ గుడి ముందరి ఖాళీకి రాబడి లేదు. కాబట్టి పేరూ లేదు. ఉత్తర కోస్తాలో చాలా మేర జమీందారీ నేల. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం దున్నే రైతుకు రైత్వారీ పట్టా ఇచ్చింది. వేటకు వెళ్లేవాడి ఒడ్డు గురించి ఆలోచించలేదు. అప్పటి ఖాళీ గడులే నేటి కంప్యూటర్ లోకీ ఎక్కాయి.

కాకినాడ పక్కనున్న ఉప్పాడది మరో కష్టం. అక్కడ కడలి ఏళ్లుగా ఇళ్లనూ రోడ్డునూ కోసుకుపోతోంది. 1990 నుంచి 2018 దాకా రాష్ట్ర తీరంలో నాలుగో వంతుకు పైగా కోతకు గురైందని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క తేల్చింది. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం పోటు గీతకు దిగువనున్న సముద్రపు నేల ప్రభుత్వానిది. గోడ కూలిననాడు గూడుతో పాటు ఆ నేల నాదనే వాదనా కొట్టుకుపోతుంది. వెనక్కి జరుగుదామంటే వెనకున్న చేను మరొకరి పట్టా.

పోర్టులు, రిసార్టులు, బీచ్ రోడ్ల కోసం తీరానికి ధర వచ్చిన కాలమిది. 2013 భూసేకరణ చట్టం నీటి వనరులపై బతికే మత్స్యకారులనూ బాధిత కుటుంబాలుగా గుర్తించింది. మంచిదే. కానీ పోరంబోకుకు సేకరణ అక్కర్లేదు. ఒక ఉత్తర్వుతో బదలాయిస్తే సరిపోతుంది. చట్టం ఇచ్చిన రక్షణ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది ఇక్కడే.

ఈ కుటుంబాల దగ్గర ఆధారాలు లేవనడం అన్యాయం. తుఫానుకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి దూలానికి కట్టిన ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, సొసైటీ సభ్యత్వ పుస్తకాలు ఉన్నాయి. పాత సర్వే పటాల మీద పల్లెల పేర్లున్నాయి. శ్మశానాలున్నాయి. 1977 ఉప్పెన లాంటివాటిలో కాగితాలు పోయినచోట పెద్దల జ్ఞాపకం ఉంది. అడవిబిడ్డల విషయంలో 2006 అటవీ హక్కుల చట్టపు నియమాలు పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. తీరానికి అలాంటి చట్టమే లేదు. గిరిజన పెద్ద మాట చెల్లినచోట గంగపుత్రుల పెద్ద మాట ఎందుకు చెల్లదో పాలకులు చెప్పాలి.

చట్టం వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. తీర మండలాల్లో హద్దురాయి పాతకముందే పల్లెపల్లెకూ పాత రిజిస్టర్లు తీసుకెళ్లాలి. ఖాళీ గడులను గ్రామసభలో చదివి వినిపించాలి. ఇళ్లతో పాటు ఉమ్మడిగా వాడుకునే ఒడ్డునూ పల్లె పేరిట నమోదు చేయాలి. వేటకు వెళ్లినవాళ్లు ఒడ్డున లేని రోజు సర్వే జరిపి, అభ్యంతరాలు రాలేదని ముగించకూడదు. పల్లెల్లోని చదువుకున్న పిల్లలకు ఒక విన్నపం: ఈ వారమే దూలానికున్న ఆ కవరు దింపండి, ప్రతి కాగితాన్నీ ఫోటో తీయండి, తాతలు చెప్పే హద్దులు రాసి పెట్టుకోండి.